గొట్టంలో మరిచిన గుడ్డ

మా ఆయన ఏసీలు బిగిస్తారు. చలికాలంలో గదులు వెచ్చబెట్టే హీటర్లు కూడా బిగిస్తారు. అయినా జనం చల్లనయ్య అనే పిలుస్తారు, వెచ్చనయ్య అని మాత్రం ఎవరూ అనరు, ఎందుకో మరి. పేరుకి తగ్గట్టే నిదానం మనిషి. అన్నం ముందు కూర్చుంటే చివరి మెతుకు దాకా తల ఎత్తరు. పడుకుంటే చెవి దగ్గర డప్పు కొట్టినా లేవరు.

అలాంటి మనిషి ఆ వారం కాలు నిలవక ఇల్లంతా తిరిగారు.

ముందు వంటింటి కిటికీ బందులకి నూనె పోశారు. తర్వాత టేబుల్ ఫ్యాను విప్పి, రెక్కలు కడిగి బిగించి, ఏదో తృప్తి లేనట్టు మళ్ళీ విప్పారు. ఊరందరికీ చల్లదనం పంచే మనిషి ఇంట్లో ఏసీ లేదు. ఎవరో వద్దని తీసేసిన పాతది ఒకటి మంచం కింద దుప్పటి కప్పుకుని ఏళ్ళ తరబడి పడి ఉంది. బిగించండి మొర్రో అని నేను మొత్తుకుంటే "వచ్చే వారం" అనేవారు. ఆ వారం మాత్రం నేను అడగకుండానే దాన్ని బయటికి లాగి, పడకగది గోడకి కన్నం పెట్టడం మొదలెట్టారు. సంతోషించాల్సింది పోయి నాకు గుండెల్లో రాయి పడింది.

ఎందుకంటే కారణం నాకు తెలుసు. అది ఆయన ప్యాంటు జేబులో దొరికింది.

బట్టలు నానబెడుతూ జేబులు వెతికితే తడి గుడ్డముక్క ఒకటి చేతికి తగిలింది. నీలం అంచు. మా పాత తువ్వాలు అది. నేనే చింపి ఆయన పనిసంచిలో పెట్టాను. ఒక కొస సిమెంటు రంగులోకి మారిపోయి, గుండ్రంగా చుట్టుకుపోయి ఉంది, చాలాకాలం ఏదో కన్నంలో ఇరుక్కున్నట్టు.

ఏసీ నడిచేటప్పుడు లోపల నీళ్ళు ఊరతాయి. అవి బయటికి పోవడానికి సన్నటి గొట్టం వేస్తారు. గొట్టం వేశాక ఇంకా గోడ పూత, రంగుల పని మిగిలి ఉంటే, పొడీ పురుగూ దూరకుండా గొట్టం మూతికి గుడ్డ కుక్కుతారు. పనంతా అయ్యాక పీకేస్తారు. పీకడం మరిచిపోతే పోవాల్సిన నీళ్ళు వెనక్కి తంతాయి. అందుకని మా ఆయన ఒక అలవాటు చేసుకున్నారు. గుడ్డ కుక్కిన ప్రతిసారీ ఎడమ మణికట్టుకి ఎర్ర దారం కట్టుకుంటారు. గుడ్డ పీకాకే దారం తెంపుతారు. రెండు చోట్ల పని నడుస్తుంటే రెండు దారాలు. తెలియనివాళ్ళు ఏదో మొక్కు అనుకుంటారు. గొట్టాల స్వామికి మొక్కు అని మా తమ్ముడి ఎగతాళి.

ఇన్నేళ్ళలో ఆ దారం ఆయన్ని ఎప్పుడూ మోసం చెయ్యలేదు. ఈసారి మోసం చేసింది కూడా దారం కాదు. ఆ మధ్య ఒక సాయంత్రం పని నుంచి వచ్చి, స్నానం చేసి, దేవుడి ముందు కూర్చోబోతూ మణికట్టు చూసుకున్నారు. దారం జిడ్డు పట్టి నల్లగా ఉంది. "ఈ మసితో ఏం కూర్చుంటానే, రేపు కొత్తది కట్టుకుంటాలే" అని పంటితో పుటుక్కున తెంపేశారు. మంచి బుద్ధే కదా అనుకున్నాను నేను. తెల్లారి కొత్త దారం సంగతి ఆయనకీ గుర్తు లేదు, నాకూ గుర్తు లేదు. దేవుడి కోసం తెంపిన దారాన్ని దేవుడే గుర్తు చెయ్యొచ్చు కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. ఆయనకి ఇంతకంటే పెద్ద పనులుంటాయి కాబోలు.

ఆ గుడ్డ ఉండిపోయింది ఒక పళ్ళ డాక్టరమ్మ గారి క్లినిక్కులో. మేడ మీద క్లినిక్కు, దాని కింద ఫిడేళ్ళు బాగుచేసే పెద్దాయన కొట్టు. మా ఆయన ఏసీ బిగించి, కాసేపు నడిపి చూపించి వచ్చినప్పుడు వాతావరణం చల్లగానే ఉంది, నీళ్ళు పెద్దగా ఊరలేదు. ఎండలు ముదిరాక ఏసీ పొద్దస్తమానం నడిచింది. గొట్టం మూసుకుపోవడంతో నీళ్ళు వెనక్కి పొంగి, గోడ లోపల్నుంచి కిందికి దిగాయి. పొద్దున పెద్దాయన కొట్టు తెరిచేసరికి పైకప్పు పలక ఒకటి ఊడి బల్ల మీద పడి ఉంది. బాగుకి వచ్చిన ఫిడేళ్ళు తడిసి, జిగురు వదిలేసి, అతుకుల దగ్గర నోళ్ళు తెరుచుకున్నాయి.

డాక్టరమ్మ ఫోను చేసింది. "నీళ్ళ గొడవ ఒకటి అయిందండీ. ఏసీ కూడా కాస్త కారుతున్నట్టుంది, ఒకసారి వచ్చి చూడండి" అంది. ఈయన వెళ్ళి, బయట నిచ్చెన వేసుకుని, గొట్టం మూతి చూశారు. తను కుక్కిన గుడ్డ ఇంకా అందులోనే ఉంది. గుడ్డ పీకారు. బుడబుడమని నీళ్ళు దూకాయి. పీకిన గుడ్డ అలవాటు చొప్పున జేబులోకి వెళ్ళిపోయింది.

లోపలికి వెళ్ళేసరికి డాక్టరమ్మ చేతులు కడిగే తొట్టి దగ్గర నిలబడి, క్లినిక్కు తుడిచే ఆయాని నిలదీస్తోంది.

"సాయంత్రం నువ్వే కదా చివర్లో వెళ్ళింది? కుళాయి కట్టకుండా పోయావు. తొట్టి పొంగింది. ఇంకెక్కడి నుంచి వస్తాయి ఇన్ని నీళ్ళు?"

"కట్టానమ్మా."

"బాగా గుర్తు చేసుకో."

ఆయా ఓసారి తొట్టి వైపు చూసింది. "కట్టే ఉంటానమ్మా" అంది.

అంతలో డాక్టరమ్మ ఈయన వైపు తిరిగి, "మీ ఏసీ వల్ల కాదులెండి, కంగారు పడకండి" అంది. మా ఆయన అక్కడే ఆగిపోయారు. జేబులోంచి నీళ్ళు తొడ మీదుగా మోకాలి దాకా జారుతున్నాయట. ఎవరూ చూడలేదు. చూసినా ఏసీ పనివాడి ప్యాంటు తడిగా ఉండటంలో వింతేముంది?

ఇదంతా ఆయన నాకు చెప్పలేదు. నేను గుడ్డ పట్టుకుని ఎదురుగా నిలబడితే అప్పుడు చెప్పారు.

ఆ సాయంత్రమే మా తమ్ముణ్ణి పిలిపించాం. వాడు ఇన్సూరెన్సు ఏజెంటు. మా ఆయన చేత పాలసీ కట్టించిందీ వాడే. అంతకుముందు వ్యాను బండికీ పనిముట్లకీ మాత్రమే ఉండేది. "బావా, నీ సామాను పోతే నువ్వు ఏడుస్తావు. నీ వల్ల ఎదుటివాడి సామాను పోతే ఇద్దరూ ఏడుస్తారు. దానికి కూడా కట్టు" అని ప్రాణం తీసి మరీ కట్టించాడు. పైగా ఆ కాగితం లేనిదే ఈ రోజుల్లో పెద్ద బిల్డింగుల వాళ్ళు నిచ్చెన లోపలికి రానివ్వరు. మా ఆయన మొదట్లో ఒప్పుకోలేదు. మనం ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేస్తే పైవాడు చూసుకుంటాడు, దీనికి కట్టడమంటే ఆయన మీద నమ్మకం లేనట్టే కదా అన్నారు. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాక కూడా గొడుగు పట్టుకెళ్ళమా అని నేనే నచ్చజెప్పాను.

తమ్ముడు వచ్చేసరికి ఆయన పడకగదిలో గోడ తొలుస్తున్నారు.

"బావా, ముందు నాకు చెప్పావు కాబట్టి బతికిపోయావు. ఇంకెవరికైనా చెప్పావా?"

"గోడకి చెప్పా."

"గోడకి పర్లేదు. గోడలకి చెవులుంటాయంటారు గానీ నోళ్ళుండవు. ఆ మిషను ఆపు, నా మాట విను. కంపెనీకి కబురు పెట్టాను, నష్టం చూసి రాసుకునే సర్వేయరు గురువారం వస్తాడు. ఆయనకి గుడ్డ చూపించు, దారం సంగతి చెప్పు, నీ పుట్టుపూర్వోత్తరాలు కూడా చెప్పుకో. అప్పటిదాకా ఇంకెవరి దగ్గరా నోరు విప్పకు."

"ఎందుకురా?"

"పాలసీలో ఉంది. కంపెనీని అడక్కుండా బయటివాళ్ళ దగ్గర తప్పు ఒప్పుకోకూడదు, నష్టం ఇస్తానని మాట ఇవ్వకూడదు. ఇచ్చావో, నీ మాట నువ్వే నిలబెట్టుకో నాయనా అని వాళ్ళు పక్కకి తప్పుకోవచ్చు. తప్పుకుంటే ఫిడేళ్ళూ, పైకప్పూ, గోడా అన్నీ నీ నెత్తినే. బండి అమ్మాలి. బండి పోతే నిచ్చెన భుజాన వేసుకుని బస్సెక్కుతావా? కండక్టరు నిచ్చెనకి కూడా టికెట్టు కొడతాడు."

నాకు ఉండబట్టలేదు. "ఏరా, తప్పు జరిగితే ఆదుకుంటామనే కదా ఆ కాగితం అమ్మావు? మరి తప్పు జరిగిందని చెప్పొద్దంటే ఎలా?"

"అక్కా, నువ్వడిగేవన్నీ గుళ్ళో అడగాల్సినవి. అది ఆఫీసు." అయినా మంచం అంచున కూర్చుని ఓపిగ్గానే చెప్పాడు. "లోకంలో బావలాంటి మొహమాటస్థులుంటారు. ఎదుటివాడు ముక్కు చీదితే చాలు, అంతా నాదే తప్పు, ఇల్లు రాసిస్తాను అంటారు. ఆ ఇల్లు రాసివ్వాల్సింది కంపెనీ. అందుకని, ముందు మేం చూస్తాం, తర్వాత మాట్లాడదాం అంటారు. ఇందులో అన్యాయం ఏముంది చెప్పు?"

నిజమే, అన్యాయం కనపడలేదు. దానికే నాకు ఎక్కువ బెంగ పట్టుకుంది. వాడు అబద్ధం చెప్పమంటే తిట్టి పంపేసేదాన్ని.

"ఆయా సంగతో?" అన్నారు మా ఆయన.

"ఏ ఆయా?"

ఆయన చెప్పారు. తమ్ముడు తల గోక్కున్నాడు. "గురువారం ఎంత దూరం బావా? అప్పటిదాకా ఆగితే ఆమె కొంపేం మునిగిపోదు. నోరు మూసుకోవడం అబద్ధం ఆడటం కాదు."

మా ఆయన మళ్ళీ మిషను చేతిలోకి తీసుకున్నారు. ఆ మోతలో తమ్ముడు వెళ్ళొస్తానన్న మాట కూడా వినపడలేదు.

గురువారం దూరమేమీ కాదు. కానీ ఎదురుచూసే ఇంట్లో గడియారం కుంటుతుంది. గోడకి కన్నం అయింది, ఏసీ బిగింపు అయింది, బయట గొట్టం వేయడం అయింది. ఇక విప్పడానికి ఏమీ మిగలక ఆయన నా గ్రైండరు వైపు చూస్తుంటే తీసి అటక మీద పెట్టాను. ఫిడేలు మేస్త్రి ఫోను చేశాడు. "అబ్బాయ్, పైకప్పులో మీ గొట్టాలేమన్నా ఉన్నాయా, పలక బిగించేవాడు అడుగుతున్నాడు." అంత చిన్న ప్రశ్నకి ఈయన ఆఁ, ఊఁ అని మింగుతూ, చివరికి "చూసి చెప్తానండీ" అన్నారు. తన చేత్తో వేసిన గొట్టాన్ని చూసి చెప్తానన్నారు. ఫోను పెట్టేసి వీధిలోకి వెళ్ళారు. వచ్చారు. మళ్ళీ వెళ్ళారు. చెప్పులు వేసుకోవడం, విడవడం. గుమ్మం అరిగిపోతుందేమో అనిపించింది.

నా సంగతీ అంతే. దీపం పెట్టి కళ్ళు మూసుకుంటే దేవుడి బొమ్మకి బదులు కుళాయి కనపడేది. పొద్దున్నే స్తోత్రం చదువుతూ ఒకే చరణం మళ్ళీ మళ్ళీ చదివాను. తమ్ముడు చెప్పింది తప్పు కాదు. ఈయన మౌనంగా ఉండటం అబద్ధం కాదు. డాక్టరమ్మ అనుమానం కూడా అన్యాయం కాదు, తొట్టి అక్కడే ఉంది కదా. ఎవరూ తప్పు చెయ్యకుండానే ఒక మనిషి మీద నింద ఎలా నిలబడిందో నాకు అర్థం కాలేదు. చదువుకున్నవాళ్ళకి తెలుస్తుందేమో.

గురువారం పొద్దున తమ్ముడు ఫోను చేశాడు. సర్వేయరుకి వేరే చోట ఏదో పెద్ద అగ్నిప్రమాదం కేసు పడిందట, వచ్చే వారం వస్తాడట.

ఆయన ఫోను పెట్టీ పెట్టకముందే ఇంకోటి మోగింది. డాక్టరమ్మ. ఏసీ గాలి తగ్గింది, జాలీ శుభ్రం చెయ్యాలేమో చూడమని. "పోయినసారిలా కాకుండా మధ్యాహ్నం రండి. కొత్త ఆయాకి తాళాలు ఇంకా అలవాటు కాలేదు."

"పాతామె ఏమైందండీ?" అని ఈయన అడగడం నేను విన్నాను. ఫోను అవతల ఏమన్నారో వినలేదు. ఆయన మొహం చూశాను, చాలు.

వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. "ఆ గుడ్డ ఏది?"

"ఉతికి ఆరేశాను."

"ఉతికావా?"

"మురికిగా ఉంటే ఉతకరా మరి?"

అన్ని రోజుల తర్వాత మొదటిసారి నవ్వబోయారు, రాలేదు. "తీసుకుని, నువ్వూ రా" అన్నారు.

"వాడు నోరు విప్పొద్దన్నాడుగా?"

"డబ్బిస్తానని ఎవరికీ మాట ఇవ్వను. అది కంపెనీ చూసుకోవాలి, ఒప్పుకుంటా. కానీ ఈ గుడ్డ నాది. నాది కాదని నేనెన్నాళ్ళు తిరగను?"

"కంపెనీ తప్పుకుంటే?"

"నిచ్చెనకి కూడా టికెట్టు కొనుక్కుంటా."

బండిలో దారి పొడుగునా ఆయన వేళ్ళు స్టీరింగు మీద డోలు వాయిస్తూనే ఉన్నాయి. నాకు బండి మీద ఎప్పుడూ లేని ప్రేమ పుట్టుకొచ్చింది. వెనక నిచ్చెన కిర్రుమంటుంటే, ఇదింక మనది కాకపోతే ఈ చప్పుడు గుర్తొస్తుందా అనుకున్నాను.

క్లినిక్కులో ఎవరో నోరు తెరిచి కుర్చీలో పడుకుని ఉన్నారు. డాక్టరమ్మ చేతి తొడుగులు తీసేసి బయటి గదిలోకి వచ్చింది. మా ఆయన గుడ్డ బల్ల మీద పెట్టారు. చెప్పదలచుకున్నది ఒక్క ఊపులో చెప్పేశారు, పన్ను పీకించుకునేవాడు కళ్ళు మూసుకున్నట్టు.

"నీళ్ళు కుళాయివి కాదండీ. ఏసీవి. గొట్టం మూతికి ఈ గుడ్డ నేనే కుక్కి, పీకడం మరిచిపోయాను. ఆ రోజు నిచ్చెన ఎక్కినప్పుడు పీకి జేబులో పెట్టుకున్నాను. ఆయా తప్పేమీ లేదు."

డాక్టరమ్మ గుడ్డ వైపు చూసింది, ఈయన వైపు చూసింది. "మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

పాలసీ పేరు చెప్తారనుకున్నాను. చెప్పలేదు. "అప్పటికి నాకు ఎవరూ చెప్పొద్దనలేదండీ. మీ ఏసీ వల్ల కాదులెండి అన్నారు మీరు. ఆ మాట నాకు హాయిగా ఉంది. అంతే."

ఆమెకి కోపం వచ్చింది, అది ఎవరి మీద దింపాలో తెలియలేదు. "ఆమె మాత్రం గట్టిగా కాదనొచ్చు కదా? కట్టే ఉంటాను అంటే నేనేమనుకోను?"

"గట్టిగా కాదంటే నమ్మేవారా అమ్మా?" అన్నాను. అనాలని అనలేదు. నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

 లోపల కుర్చీలో మనిషి నోరు తెరిచే ఏదో గొణిగాడు. డాక్టరమ్మ "వస్తున్నా" అని అటు కేకేసి, చిన్న చీటీ మీద ఆయా ఇంటి గుర్తులు రాసి నా చేతిలో పెట్టింది. "నేను కూడా ఆమెతో మాట్లాడతానని చెప్పండి" అంది, నెమ్మదిగా.

కింద కొట్టులో ఫిడేలు మేస్త్రి విడిపోయిన చెక్కల్ని నీడలో వరసగా ఆరబెట్టుకుని కూర్చున్నాడు. మా ఆయన చెప్పిందంతా విన్నాడు.

"నాకు కుళాయి అయినా గుడ్డ అయినా ఒకటే అబ్బాయ్. తడిసింది తడిసింది. ఇచ్చేదేమన్నా ఉందా?"

"అది ఇన్సూరెన్సు వాళ్ళు చూసి చెప్పాలండీ. నేను మాట ఇవ్వలేను. జరిగింది చెప్పిపోదామని వచ్చా."

"చెయ్యి ఖాళీ, నోరు నిండా నిజం," అన్నాడు ముసలాయన. తిట్టో మెప్పో తెలియలేదు. "సరే, పైకప్పులో నీ గొట్టం ఎక్కడుందో అదైనా ఇప్పుడు చెప్తావా?"

మా ఆయన స్టూలెక్కి వేలితో చూపించారు.

ఆయా ఇల్లు ఒక పాత మేడలో, మెట్ల పక్క గది. గది బయట నడవాలో కుళాయి, దాని కింద బకెట్టు. మేం వెళ్ళేసరికి ఆమె గుమ్మంలో కూర్చుని గోధుమలు ఏరుకుంటోంది. మా ఆయన్ని గుర్తుపట్టి, "ఏసీ సారు కదా?" అని లేచి చాప వేసింది. వేసి, మమ్మల్ని కూర్చోమని, తను నడవాలోకి వెళ్ళి కుళాయి గట్టిగా తిప్పి వచ్చింది. కుళాయి కారడం లేదు.

ఆయన మొదలుపెట్టారు. డాక్టరమ్మకి చెప్పినంత సాఫీగా రాలేదు. గొట్టం అన్నారు, దారం అన్నారు, దేవుడి ముందు కూర్చోబోయాను అన్నారు, మధ్యలో నీళ్ళు తాగారు. ఆమె వింటూ వింటూ లేచింది. మళ్ళీ కుళాయి దగ్గరికి వెళ్ళింది. ముట్టుకుని, తిప్పి, బొట్టు పడుతుందేమోనని అరచెయ్యి కింద పెట్టి చూసి వచ్చింది.

"కుళాయి బాగానే ఉందమ్మా" అన్నాను.

"తెలుసు. అయినా చూడాలి. ఆ రోజు నుంచి ఇదే రోగం." కూర్చుని ఈయన వైపు తిరిగింది. "ఏమన్నారు సారూ? మళ్ళీ చెప్పండి. నీళ్ళు దేంట్లోంచి వచ్చాయి?"

"ఏసీ గొట్టంలోంచి. గుడ్డ నేను మరిచిపోయాను. నువ్వు కుళాయి కట్టావు."

ఆమె గోధుమల చేట పక్కకి జరిపింది.  గొంతు పెంచకుండానే మాట్లాడింది.

"నేను కట్టలేదేమో అనుకున్నానయ్యా. మొదటి రోజు కట్టాననే అనుకున్నా. మర్నాటికి, ఏమో, బస్సు వస్తోందని తొందరపడ్డానేమో అనుకున్నా. అందరూ అంటుంటే మనకే కనపడటం మొదలవుతుంది. కుళాయి కారుతున్నట్టు, నేను చూసీ వెళ్ళిపోతున్నట్టు, కళ్ళ ముందే. పొయ్యి ఆపానా, తలుపు వేశానా, ప్రతిదీ తిరిగొచ్చి చూసుకుంటున్నా. పని పోతే ఇంకో పని దొరుకుతుంది. నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయింది. ఇదంతా మీకు తెలుసు. జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు."

"అవును" అన్నారు మా ఆయన.

"నీళ్ళు నమిలి ఇప్పుడొచ్చారు."

"అవును."

ఏదో సర్దిచెబుదామని నేను నోరు తెరిచాను. ఆయన నా వైపు చూడకుండానే చెయ్యి అడ్డం పెట్టారు. ఆమె అనవలసినవన్నీ అంది. ఏసీలూ, డాక్టర్లూ, మేస్త్రీలూ, దేవుడి ముందు కూర్చునేవాళ్ళూ అందరికీ తలా కాస్త వడ్డించింది. ఆయన తలొంచుకుని విన్నారు, అన్నం ముందు కూర్చున్నప్పటిలాగా, చివరి మెతుకు దాకా.

అలసిపోయాక ఆమె చెయ్యి చాచింది. "ఏదీ ఆ గుడ్డ?"

నేనిచ్చాను. నీలం అంచు వేలితో తడిమింది. "ఉతికారే!"

"ఉతికాను" అన్నాను, సిగ్గుపడుతూ.

"ఇది నా దగ్గర ఉంచుకుంటా. డాక్టరమ్మ పిలిస్తే ఊరికే వెళ్ళను. ఆ తొట్టి దగ్గరే నిలబడి, ఇది చేతిలో పట్టుకుని, నాతో ఓ మాట అనాలి. అప్పుడు చూస్తా."

 సర్వేయరుకి చూపించాల్సింది అదొక్కటే. అది లేకపోతే గొట్టం ఎందుకు మూసుకుపోయిందో, ఇదంతా మా ఆయన కల్పించారో లేదో ఎవరికి తెలుస్తుంది? "ఏమండీ, కంపెనీ వాళ్ళకి..." అన్నాను.

ఆయన గుడ్డ ఆమె చేతిలోంచి మెల్లగా తీసుకున్నారు. ఆమె మొహం మారింది. ఆయన అంచు పళ్ళ మధ్య పెట్టి కొరికి, చర్రున నిలువునా చింపారు. సిమెంటు మరక రెండు ముక్కలకీ వచ్చేలా చూసి మరీ చింపారు. ఒకటి ఆమె ఒడిలో పెట్టారు, ఒకటి జేబులో పెట్టుకున్నారు.

ఆమె సగం ముక్క మడిచి నడుము దగ్గర దోపుకుంది. మేం మెట్లు దిగుతుంటే, కుళాయి దగ్గరికి వెళ్తుందేమోనని వెనక్కి తిరిగి చూశాను. నడవాలోకి వచ్చింది. కుళాయి వైపు చూసింది. ఒక చెయ్యి లేచింది. మళ్ళీ ఏమనుకుందో, చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తమ్ముడు ఫోనులో పెట్టిన కేకలు ఇక్కడ రాయను. "డబ్బిస్తానన్నావా? అనలేదా? సరే, తప్పు నాదే అన్నావా? గుడ్డ నాది అన్నావా? నీకు దణ్ణం బావా!" అని, చివరికి వాడే చల్లబడి, "ఏం జరిగిందో నేనే ముందుగా సర్వేయరుకి చెప్పి ఉంచుతా" అన్నాడు. ఆ మాటకి వాడి మీద కోపం పోయింది.

సర్వేయరు వచ్చాడు. తక్కువ మాట్లాడే మనిషి. గొట్టం ఫొటో తీశాడు, పైకప్పు ఫొటో తీశాడు, గుడ్డ ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మిగతా సగం?"

"ఇంకొకరికి అవసరం ఉందండీ, ఇచ్చాను" అన్నారు మా ఆయన.

సర్వేయరు ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ దించి, ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో మేం అడగలేదు. పైవాళ్ళు నిర్ణయిస్తారని చెప్పి వెళ్ళాడు.

ఆ పైవాళ్ళ నుంచి జవాబు ఇంకా రాలేదు. ఫోను మోగితే ఇప్పటికీ ఇద్దరం ఉలిక్కిపడతాం. బండి గుమ్మం ముందే ఉంది, ప్రస్తుతానికి. ఆయా మళ్ళీ క్లినిక్కులో పనిచేస్తోందని ఫిడేలు మేస్త్రి చెప్పాడు. తొట్టి దగ్గర డాక్టరమ్మ ఏ మాట అందో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉంది కానీ అది నాకు అక్కర్లేని సంగతి.

ఈ మధ్య ఒక కొత్త పని మొదలైంది. నిన్న సాయంత్రం ఆయన స్నానం చేసి దేవుడి ముందుకు వచ్చారు. ఎడమ మణికట్టుకి దారం, జిడ్డుతో నల్లగా. చెయ్యి అలవాటుగా నోటి దాకా వెళ్ళింది. పంటి దగ్గర ఆగింది. ఆయన నా వైపు చూశారు. నేను దీపం ఒత్తి సరిచేస్తూ చూడనట్టే ఉన్నాను. చెయ్యి దించి, అలాగే మసి దారంతోనే కూర్చుని దణ్ణం పెట్టుకున్నారు.

నేనేమీ అనలేదు. దేవుడూ ఏమీ అనలేదు.